లాస్‌పేట మీది ఆకాశం: విమానాల మధ్య ఎడం ఎంత, ఎందుకు?

పుదుచ్చేరిలోని లాస్‌పేట విమానాశ్రయం రన్‌వే పొడవు 1,502 మీటర్లు. చెన్నై విమానాశ్రయపు ప్రధాన రన్‌వే పొడవు 3,658 మీటర్లు. దానిలో సగం కూడా లేని ఈ రన్‌వే మీదికి పెద్ద జెట్ విమానాలు రావు. రెండు ప్రొపెల్లర్లతో నడిచే ఏటీఆర్ 72 లాంటి విమానాలు వస్తాయి. హైదరాబాద్ నుంచి ఇక్కడికి 2017 ఆగస్టులో ఉడాన్ పథకం కింద స్పైస్‌జెట్ సర్వీసు మొదలైంది. ఆ సర్వీసులు కొంతకాలం నడిచి, ఆగిపోయాక, 2024 డిసెంబరులో ఇండిగో హైదరాబాద్, బెంగళూరుల నుంచి ఏటీఆర్‌లు నడపడం ప్రారంభించింది.

రోజుకు వచ్చిపోయే విమానాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అలాంటి చోట ఒక విమానం ఇంకొకదానికి అడ్డం వస్తుందనే బెంగ ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే లాస్‌పేట నుంచి చెన్నై విమానాశ్రయం నేరుగా 120 కిలోమీటర్ల దూరమే. చెన్నై నుంచి తిరుచ్చి, మదురై, కొలంబో వైపు వెళ్లేవీ, అక్కడి నుంచి వచ్చేవీ ఈ చుట్టుపక్కల ఆకాశంలోనే ఎత్తు పెంచుకుంటూ, దించుకుంటూ సాగుతుంటాయి. పుదుచ్చేరికి దిగాల్సిన ఏటీఆర్ వాటి మధ్య నుంచే కిందికి రావాలి. రన్‌వే చిన్నదే కానీ, దాని మీది ఆకాశం చిన్నది కాదు.

ఈ ఆకాశంలో విమానానికీ విమానానికీ మధ్య నిర్ణీతమైన ఎడం తగ్గకుండా చూడడమే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల పని. ఆ ఎడం మూడు రకాలు: ఎత్తులో తేడా, పక్కకు ఉండే దూరం, ముందువెనుకల దూరం. మూడూ ఒకేసారి ఉండాలనేం లేదు, ఏదో ఒకటి ఉంటే చాలు. ఎత్తులో వెయ్యి అడుగుల తేడా ఉంటే ఒక విమానం మరోదాని నెత్తి మీదుగా పోయినా ఇబ్బంది లేదు. కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడు కింద ఇంకో విమానం దూసుకుపోవడం చూసి ఉలిక్కిపడవచ్చు. కంట్రోలర్ తెర మీద మాత్రం అది మామూలు విషయం.

అసలు ప్రశ్న, ఆ ఎడం ఎంత ఉండాలన్నది. దీనికి ఒకే అంకె లేదు. రాడార్ ఉన్నచోట ఐదు నాటికల్ మైళ్లు, విమానాశ్రయాల దగ్గర మూడు, రాడార్ లేని చోట పది నుంచి పదిహేను నిమిషాల ప్రయాణ దూరం. విమానాలు అవే, పైలట్లు వాళ్లే. మారేది ఒక్కటే: ఫలానా విమానం ఈ క్షణాన ఎక్కడుందో కింద ఉన్న మనిషికి ఎంత కచ్చితంగా తెలుసు అన్నది.

పందొమ్మిది సెకన్లు

నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారు. ఐదు నాటికల్ మైళ్లంటే తొమ్మిది కిలోమీటర్లకు కాస్త పైన. నేల మీద అది ఊరికీ ఊరికీ మధ్య దూరం. 480 నాట్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు జెట్ విమానాలకు మాత్రం అది దాదాపు 19 సెకన్ల దూరం.

ఈ 19 సెకన్లలో ఏమేం జరగాలో చూడండి. రాడార్ యాంటెనా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. విమానాశ్రయం దగ్గరి రాడార్ ఒక చుట్టుకు నాలుగైదు సెకన్లు తీసుకుంటే, దూరప్రాంతాలను చూసేది పది పన్నెండు సెకన్లు తీసుకుంటుంది. అంటే తెర మీద కనిపించే చుక్క ఇప్పటిది కాదు, కొన్ని సెకన్ల కిందటిది. తేడా కంట్రోలర్ కంటపడాలి. ఆయన రేడియోలో చెప్పాలి, ఆ సమయంలో ఆ ఫ్రీక్వెన్సీలో ఇంకెవరూ మాట్లాడుతూ ఉండకూడదు. పైలట్ విని, తిరిగి చెప్పి, విమానాన్ని తిప్పాలి. అన్ని టన్నుల బరువు చెప్పగానే పక్కకు ఒరగదు. ఇన్నీ కలిపితే 19 సెకన్లు ఏమంత ఎక్కువ కావు. అందుకే ఎదురెదురుగా వచ్చేవాటిని అసలు ఒకే ఎత్తులో ఉంచరు.

దానికో సులువైన నియమం ఉంది. అయస్కాంత దిక్సూచి ప్రకారం 0 నుంచి 179 డిగ్రీల దిక్కుకు, అంటే తూర్పు సగానికి పోయేవి బేసి వేల అడుగుల ఎత్తులో పోతాయి. 180 నుంచి 359 డిగ్రీల వైపు పోయేవి సరి వేలలో. హైదరాబాద్ నుంచి పుదుచ్చేరికి మ్యాపు మీద నేరుగా గీత గీస్తే అది దక్షిణానికి, కొద్దిగా తూర్పుకు వాలి ఉంటుంది, సుమారు 166 డిగ్రీలు. ఆ గీత మీదే పోయే ఏటీఆర్‌కు 19,000 అడుగులు సరిపోతుంది, 18,000 సరిపోదు. తిరుగు ప్రయాణంలో అదే గీత 346 డిగ్రీలవుతుంది, అప్పుడు 18,000. రెండు విమానాలూ దారిలో ఎదురైనా మధ్యలో వెయ్యి అడుగుల గాలి ఉంటుంది. ఇందులో కంట్రోలర్ చాకచక్యం కంటే నియమానిదే ఎక్కువ పాత్ర. మంచి నియమం అంటే ఎవరూ గుర్తుచేయకపోయినా పనిచేసేదే.

ఎత్తును కొలిచేది గాలి

వెయ్యి అడుగులు అన్నది ఎలా తెలుస్తుంది? విమానంలో ఎత్తును చూపే ఆల్టీమీటర్ నిజానికి కొలిచేది గాలి పీడనాన్ని. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గుతుంది, ఆ తగ్గుదలను అది అడుగుల్లోకి మార్చి చూపిస్తుంది. సముద్ర మట్టం దగ్గర పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సుమారు 27 అడుగులు ఎక్కినట్టు లెక్క.

చిక్కు ఏమిటంటే పీడనం వాతావరణాన్ని బట్టి కూడా మారుతుంది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. ఇలాంటి వాయుగుండాలూ తుఫానులూ వచ్చినప్పుడు ఇక్కడి పీడనం బాగా పడిపోతుంది. మామూలు 1013 నుంచి 1000 హెక్టోపాస్కల్స్‌కు పడిందనుకుందాం. పైలట్ ఆల్టీమీటర్‌ను సరిచేసుకోకపోతే అది అసలు ఎత్తు కంటే సుమారు 350 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. దిగేటప్పుడు ఆ 350 అడుగులే ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే టవర్ నుంచి కంట్రోలర్ దిగబోయే ప్రతి విమానానికీ ఆ క్షణపు స్థానిక పీడనం చెబుతారు, పైలట్ ఆ అంకెను తిరిగి చదివి వినిపిస్తాడు.

పైన సంగతి వేరు. ఒక నిర్ణీత ఎత్తు దాటాక అందరూ తమ ఆల్టీమీటర్లను ఒకే అంకెకు, 1013.25కు, మార్చుకుంటారు. అప్పుడు తెర మీద కనిపించే ఎత్తు నేల నుంచి అసలు ఎత్తు కాకపోవచ్చు. కానీ ఆ చుట్టుపక్కల ఉన్న అన్ని విమానాలూ ఒకే మేరకు తప్పుతాయి, కాబట్టి వాటి మధ్య ఎడం చెదరదు. ఊళ్లో అందరి గడియారాలూ పది నిమిషాలు వెనకబడినా, అన్నీ ఒక్కలాగే వెనకబడితే పెళ్లి భోజనాలకు ఎవరూ ఆలస్యం కారు. ఇదీ అలాంటిదే.

ఇంకా పైకి పోతే గాలి పలచబడుతుంది. 38,000 అడుగుల దగ్గర ఒక హెక్టోపాస్కల్ తేడా సుమారు వంద అడుగులకు సమానం. పరికరంలో చిన్న పొరపాటు అక్కడ పెద్ద ఎత్తు తేడా అవుతుంది. ఆ కారణంగానే 29,000 అడుగుల పైన చాలాకాలం రెండు వేల అడుగుల ఎడం పాటించారు. ఆల్టీమీటర్ల కచ్చితత్వం పెరిగాక, అర్హత పొందిన విమానాలకు దాన్ని వెయ్యి అడుగులకు తగ్గించారు. మన గగనతలంలో ఈ మార్పు 2003 నవంబరు 27న వచ్చింది. 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య అంతకుముందు ఏడు అంతస్తులుంటే అప్పటి నుంచి పదమూడయ్యాయి. ఆకాశం పెరగలేదు, కొలత మెరుగైందంతే.

కనిపించని ఎత్తు: 1996 నవంబరు 12

ఎత్తు పైలట్‌కు తెలిసినా కంట్రోలర్‌కు కనిపించకపోతే ఏమవుతుందో మన దేశం చాలా పెద్ద మూల్యం చెల్లించి తెలుసుకుంది. 1996 నవంబరు 12 సాయంత్రం ఢిల్లీ నుంచి సౌదీ అరేబియా విమానం, బోయింగ్ 747, పైకి లేచింది. కజకిస్థాన్ ఎయిర్‌లైన్స్ వారి ఇల్యూషిన్ 76 ఢిల్లీలో దిగడానికి వస్తోంది. అప్పట్లో పౌర విమానాల రాకకూ పోకకూ ఒకే దారి. సౌదీ విమానాన్ని 14,000 అడుగుల దగ్గర, కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు. ఎదురుగా విమానం వస్తోందని కూడా హెచ్చరించారు. కాగితం మీద వెయ్యి అడుగుల ఎడం ఉంది. కజక్ విమానం 15,000 దగ్గర ఆగకుండా ఇంకా కిందికి దిగింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండూ ఢీకొన్నాయి. రెంటిలోనూ ఉన్న 349 మందీ చనిపోయారు. ఆకాశంలో రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ఇంతమందిని బలిగొన్నది మరొకటి లేదు.

ఆ రోజు కంట్రోలర్ ముందున్నది ప్రైమరీ రాడార్. అది రేడియో తరంగాన్ని పంపి, విమానపు లోహం నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. ఎంత దూరంలో, ఏ దిక్కున ఉందో చెబుతుంది. ఎత్తు చెప్పదు. తెర మీద రెండు చుక్కలు దగ్గరవుతుంటే అది అనుకున్న ప్రకారమే, ఒకటి మీద ఒకటి పోతుండవచ్చు, కాకపోనూ వచ్చు. తేడా తెలుసుకోవడానికి పైలట్ మాట తప్ప ఆధారం లేదు. కజక్ విమానంలో ఆ మాట చెప్పాల్సిన రేడియో ఆపరేటర్ ముందు ఆల్టీమీటరే లేదు, పైలట్ల భుజాల మీదుగా తొంగి చూడాలి. ఇన్ని కళ్లుండి ఒక్క కన్నూ పూర్తిగా చూడలేని ఏర్పాటు అది. దర్యాప్తు కజక్ విమాన సిబ్బంది అనుమతించిన ఎత్తు కంటే కిందికి రావడాన్నే కారణంగా తేల్చింది. తప్పు దొరికినవారితో విషయం ముగిసిపోలేదన్నది గమనించాలి, ఆ తర్వాత మారింది ఏర్పాటంతా. వచ్చే విమానాలకూ పోయేవాటికీ దారులు వేరు చేశారు, ఎత్తును చూపే సెకండరీ రాడార్‌ను వాడుకలోకి తెచ్చారు, ఢీకొనే ముప్పును విమానమే పసిగట్టే పరికరాన్ని తప్పనిసరి చేశారు.

సెకండరీ రాడార్ ప్రతిధ్వని కోసం చూడదు, ప్రశ్న అడుగుతుంది. 1030 మెగాహెర్ట్జ్ మీద వచ్చిన ప్రశ్నకు విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090 మెగాహెర్ట్జ్ మీద జవాబిస్తుంది: నా సంఖ్య ఇది, నా ఎత్తు ఇది. ఆ సంఖ్యలో నాలుగు అంకెలుంటాయి. 8, 9 మాత్రం ఎప్పుడూ రావు. ఒక్కో అంకెకు మూడు బిట్లు కేటాయించడంతో 0 నుంచి 7 వరకే వీలవుతుంది, మొత్తం 4,096 సంఖ్యలు. వాటిలో కొన్ని కష్టకాలానికి దాచి ఉంచారు. 7700 అంటే అత్యవసర పరిస్థితి, 7600 అంటే రేడియో పనిచేయడం లేదు, 7500 అంటే హైజాక్.

భూమి అడ్డం వచ్చినప్పుడు

ఇంత తెలివైన రాడార్‌కూ ఒక పరిమితి ఉంది. దాని తరంగాలు దాదాపు సూటిగా పోతాయి, భూమి గుండ్రంగా ఉంటుంది. ఎంత ఎత్తున ఉన్న విమానం ఎంత దూరం వరకు కనిపిస్తుందో చెప్పే సూత్రం ఒకటుంది: అడుగుల్లో ఎత్తుకు వర్గమూలం కట్టి 1.23తో గుణిస్తే నాటికల్ మైళ్లలో దూరం వస్తుంది. చెన్నై విమానాశ్రయం నుంచి లాస్‌పేట 65 నాటికల్ మైళ్లు. రాడార్ నేల మట్టాన ఉందనుకుంటే, లాస్‌పేట మీద సుమారు 2,800 అడుగుల కంటే కింద ఉన్న విమానం దానికి కనిపించదు. యాంటెనాను వంద అడుగుల ఎత్తున నిలబెడితే ఆ హద్దు 1,800 అడుగుల దాకా దిగుతుంది. ఇంకా కిందికి చూడాలంటే మధ్యలో ఉన్న భూమి వంపే అడ్డు.

అంటే హైదరాబాద్ నుంచి బయలుదేరిన ఏటీఆర్ దారి పొడవునా తెర మీద కనిపిస్తూ వచ్చి, చిట్టచివరి కొన్ని నిమిషాల్లో, నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నప్పుడు, 120 కిలోమీటర్ల అవతలి రాడార్‌కు కనుమరుగవుతుంది. ఆ కొసను చూసుకునేది టవర్. అక్కడి కంట్రోలర్‌కు ప్రధాన పరికరం తన కళ్లే, పక్కన బైనాక్యులర్స్.

రన్‌వే మీద నియమం చాలా సూటిగా ఉంటుంది: ఒకసారికి ఒక్కటే. ముందు దిగింది రన్‌వే ఖాళీ చేసి పోయేదాకా ఇంకొకటి దిగకూడదు. ఏటీఆర్ గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దిగుతుంది. మైలు దూరంలో ఉందంటే అర నిమిషంలో వచ్చేస్తుందన్నమాట. రన్‌వే పక్కనే సమాంతరంగా ట్యాక్సీవే లేని చిన్న విమానాశ్రయాల్లో దిగిన విమానం రన్‌వే మీదే వెనక్కి తిరిగి రావాలి, దానికి నిమిషాలు పడతాయి. పెద్ద విమానాశ్రయాల్లో సెకన్లు లెక్కపెడితే ఇక్కడ నిమిషాలు లెక్కపెడతారు.

రేడియో మూగబోతే? టవర్‌లో సిగ్నల్ దీపం ఉంటుంది. ఆకాశంలో ఉన్న విమానం వైపు నిలకడగా పచ్చదీపం చూపిస్తే దిగవచ్చని అర్థం. నిలకడగా ఎర్రదీపం చూపిస్తే మరో విమానానికి దారి ఇచ్చి తిరుగుతూ ఉండమని. ఉపగ్రహాల కాలంలో ఇది పాతకాలపు పద్ధతిలా అనిపించినా, దీన్ని తీసేయాలని ఎవరూ అనలేదు.

మాటకు కూడా కొలత

కంట్రోలర్లలో చాలామందికి తొలి శిక్షణ ప్రయాగ్‌రాజ్‌లోని సివిల్ ఏవియేషన్ ట్రైనింగ్ కాలేజీలోనో, హైదరాబాద్ బేగంపేటలోని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ శిక్షణ కేంద్రంలోనో జరుగుతుంది. అక్కడ నేర్చుకునేవాటిలో మాట్లాడడం ఒకటి. ఇంట్లో ఒకరిది తెలుగు, ఇంకొకరిది తమిళం, మరొకరిది హిందీ కావచ్చు, రేడియోలో మాత్రం అందరిదీ ఒకే రకం ఇంగ్లిష్. అందులో ‘త్రీ’ ‘ట్రీ’ అవుతుంది, ‘ఫైవ్’ ‘ఫైఫ్’ అవుతుంది, ‘నైన్’ ‘నైనర్’ అవుతుంది. బయటివారికి నవ్వు వస్తుంది. గరగరలాడే రేడియోలో ‘ఫైవ్’కూ ‘నైన్’కూ తేడా పోతే ఎత్తులో నాలుగు వేల అడుగులు పోతాయి.

ఈ క్రమశిక్షణ వెనక 1977 మార్చి 27 ఉంది. ఆ రోజు కానరీ దీవుల్లోని టెనరీఫ్‌లో, పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి రాకుండానే ఒక విమానం పరుగు మొదలుపెట్టింది. అప్పటికే ‘టేకాఫ్’ అనే మాట ఇరుపక్కలా దొర్లింది, ఒకరు అన్నది ఇంకొకరికి వేరే అర్థంలో వినిపించింది. అప్పటి నుంచి నియమం మారింది. ‘టేకాఫ్’ అనే మాటను నిజంగా ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలి. మిగతా అన్ని సందర్భాల్లో ‘డిపార్చర్’ అంటారు. లాస్‌పేటలో రోజుకు కొన్ని విమానాలే కదా అని ఆ నియమానికి సడలింపు లేదు.

బంగాళాఖాతం మీద

లాస్‌పేట నుంచి తూర్పుకు కాస్త దూరం పోతే సముద్రం. భారత గగనతలాన్ని ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై కేంద్రాలుగా పంచుకున్నారు. దక్షిణాది భూభాగంతో పాటు బంగాళాఖాతంలో పెద్ద భాగం చెన్నైదే. పై సూత్రం ప్రకారమే లెక్కేస్తే, 36,000 అడుగుల ఎత్తున ఉన్న విమానం కూడా తీరం నుంచి 230 నాటికల్ మైళ్లు దాటాక రాడార్‌కు అందదు. కౌలాలంపూర్, సింగపూర్ వైపు పోయేవి అక్కడి నుంచి తామెక్కడున్నామో తామే చెప్పుకోవాలి.

అలా చెప్పుకునే పద్ధతి ఎంత మెరుగైతే ఎడం అంత తగ్గుతుంది. గొంతుతో, హెచ్‌ఎఫ్ రేడియోలో, ఉండుండి స్థానం చెప్పే కాలంలో ఒకదాని వెనక ఒకటి పది నిమిషాల ఎడం ఉండాలి. 480 నాట్ల వేగానికి అది 80 నాటికల్ మైళ్లు, దాదాపు 148 కిలోమీటర్లు. విమానంలోని కంప్యూటర్ ఉపగ్రహం ద్వారా తనంతట తానే స్థానం పంపుతూ, కంట్రోలర్‌తో సందేశాలు అక్షరాల్లో నడుస్తుంటే అది 50 నాటికల్ మైళ్లకు దిగుతుంది. అదే విమానం తీరం చేరి రాడార్ కిందికి రాగానే ఐదు. ఒక్క ప్రయాణంలోనే, ఒక్క విమానం చుట్టూ, ఖాళీ ఉంచాల్సిన ఆకాశం ఇలా పెరిగి తరుగుతుంటుంది.

చివరి కాపలా విమానంలోనే

చర్ఖీ దాద్రీ తర్వాత మన దేశంలో తప్పనిసరైన పరికరం టీకాస్. ఇది చుట్టుపక్కల ట్రాన్స్‌పాండర్లను ప్రశ్నించి, ముప్పు ముంచుకొస్తే ఒక పైలట్‌ను ‘ఎక్కు’ అనీ, రెండో పైలట్‌ను ‘దిగు’ అనీ ఆదేశిస్తుంది. కంట్రోలర్ ఒకటి చెప్పి, టీకాస్ ఇంకొకటి చెబితే? 2002 జులై 1న జర్మనీలోని ఉబెర్లింగెన్ మీద సరిగ్గా అదే జరిగింది. ఒక విమానం టీకాస్ మాట విని దిగింది, రెండోది కంట్రోలర్ మాట విని దిగింది. 71 మంది చనిపోయారు. అలాంటప్పుడు టీకాస్ మాటే వినాలని ఆ తర్వాత నిర్ద్వంద్వంగా తేల్చారు. వందల చుక్కలను చూసే మనిషి కంటే, ఆ చివరి అర నిమిషంలో ఆ ఒక్క జతనే చూసే యంత్రానికి ఎక్కువ తెలుసు.

లాస్‌పేట లాంటి చిన్న రన్‌వేలకు పనికొచ్చే మార్పు ఇంకోవైపు నుంచి వస్తోంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి రూపొందించిన గగన్ వ్యవస్థ జీపీఎస్ సంకేతంలోని తప్పులను లెక్కగట్టి, ఆ సవరణలను ఉపగ్రహం ద్వారా విమానాలకు పంపుతుంది. దాని ఆధారంగా 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో విమానం ఒకటి పరీక్షగా దిగింది. రన్‌వే దగ్గర ఖరీదైన దిగుడు పరికరాలు లేకుండానే, ఎంత ఎత్తున ఏ వాలున దిగాలో దానికి కాక్‌పిట్‌లోనే తెలిసింది. అది కూడా ఏటీఆర్ 72.